లారీలు మునిగేంతసేపు

సోమవారం పొద్దున చాముండేశ్వరి కోటు విప్పి కుర్చీకి తగిలించకముందే ఆ ఫిర్యాదు తెర మీద మళ్ళీ కనబడింది. కిందటి వారం ఆమె రెండుసార్లు మూసేసిన ఫిర్యాదే. "యుద్ధం అయిపోయాక స్క్రీన్ హ్యాంగ్ అవుతోంది. ముందుకు వెళ్ళే దారి లేదు. తీవ్రత: ఎక్కువ." పక్కన నవదీప్ పేరు.

రెండుసార్లూ ఆమె ఒకే జవాబు రాసింది. "ఇది తప్పు కాదు. కావాలనే అలా పెట్టాం. పాఠంలో భాగం." ఇప్పుడు అదే మూడోసారి రాయాలి. తెనాలి దగ్గర బళ్ళో ఏళ్ళ తరబడి సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషికి ఒకే జవాబు మళ్ళీ మళ్ళీ చెప్పడం కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ మూడోసారి అడిగేవాడు కాస్త తల గోక్కునేవాడు. ఇక్కడ తీవ్రత: ఎక్కువ అని రాస్తున్నాడు.

ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో ఒక అద్దాల భవనం, అందులో రెండో అంతస్తులో సగం వాళ్ళ కంపెనీ. పిల్లలు టాబ్లెట్ల మీద ఆడుకుంటూ నేర్చుకునే పాఠాలు తయారుచేస్తారు. డబ్లిన్ చుట్టుపక్కల బళ్ళన్నీ పోటీలు పడి టాబ్లెట్లు కొంటున్న రోజులవి. చరిత్ర పాఠాలు రాయడం, సరిచూడడం చాముండేశ్వరి పని. మొత్తం బృందానికి పెద్ద లోకేశ్, విజయవాడ కుర్రాడు. నవదీప్‌ది కరీంనగర్. ఇక్కడి అత్లోన్‌లో ఎమ్మెస్ చేసి నిరుడే చేరాడు. ప్రతి పాఠాన్నీ చిన్నపిల్లాడిలా ఆడి, ఎక్కడ విరుగుతుందో కనిపెట్టి చెప్పడం అతని ఉద్యోగం.

ఈ పాఠం పసిఫిక్ సముద్రంలో లుగన్‌విల్ అనే ఊరి గురించి. ఇప్పుడు వనువాటు అనే దేశంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ కొబ్బరి తోటలు, నాలుగు దుకాణాలు తప్ప ఏమీ లేవు. జపాన్‌తో యుద్ధం రాగానే అమెరికా సైన్యం వచ్చి దిగింది. రేవులు కట్టింది, విమానాలకు బాటలు వేసింది, ఆసుపత్రులు, సినిమా హాళ్ళు, బోర్లించిన డబ్బాల్లాంటి రేకుల షెడ్లు నిలబెట్టింది. లక్షల మంది సైనికులు ఆ రేవు మీదుగా వెళ్ళారు. ఆటలో సగం ఇదే. పిల్లలు రేవు కడతారు, ఓడలు దింపుతారు, లారీలు నడుపుతారు. తర్వాత యుద్ధం అయిపోతుంది. ఆ సామానంతా తిరిగి మోసుకుపోవడం కుదరదు కాబట్టి, దీవుల్ని పాలిస్తున్న ఇంగ్లీషు, ఫ్రెంచి అధికారులకు కారుచౌకగా ఇస్తామన్నారు సైన్యంవాళ్ళు. ఎలాగూ వదిలేసి పోతారు కదా, కొనడమెందుకని అధికారులు బిగదీసుకున్నారు. సైన్యంవాళ్ళు లారీల్ని, జీపుల్ని, బుల్డోజర్లను వరసగా సముద్రంలోకి తోసేశారు. మిగిలిన రోడ్లు, రేవు, రేకుల షెడ్లు ఆసరాగా ఊరు మళ్ళీ మొదలైంది. కొబ్బరి ఎగుమతులతో, సంతతో, దుకాణాలతో పెరిగి దేశంలో రెండో పట్టణమైంది. ఆటలో రెండో సగం అది.

గొడవంతా ఈ రెండు సగాల మధ్య, లారీలు మునిగే దగ్గర.

నవదీప్ తన టీ కప్పుతో సహా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

"మల్ల క్లోజ్ చేసిన్రు మేడమ్."

"నువ్వు మళ్ళీ తెరిచావు."

"అది హ్యాంగ్ అయితుంది. నా కండ్లతోని చూసిన."

"హ్యాంగ్ కాదు నాయనా. లారీలు మునుగుతున్నాయి."

"మునిగినంక?"

"మునిగాక కాసేపు సముద్రం కనబడుతుంది."

"ఆ కాసేపట్ల నేనేం చెయ్యాలె?"

"ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఏం చెయ్యకుండ కూసునుడు గేమ్ ఎట్లైతది మేడమ్? మా నాయిన రోజూ అట్లనే కూసుంటడు. మా అమ్మ దాన్ని గేమ్ అంటలేదు."

పక్క బల్లల దగ్గర నవ్వారు. చాముండేశ్వరి నవ్వలేదు. మూడోసారి అదే జవాబు రాసి, ఫిర్యాదు మూసేసింది.

ఆ లారీల్ని ముంచింది రామ్మోహన్. ఆమె భర్త. ఇదే కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు. ఫిబ్రవరిలో ఒక మామూలు మంగళవారం, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని పేట డాక్టరు జీపీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కూర్చుని తన పేరు పిలిచేలోపు పోయాడు. దాని గురించి ఆమె ఇంతకంటే ఎక్కువ ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసువాళ్ళు మంచివాళ్ళే. లూకన్‌లో ఆమె ఇంటికి వారాలపాటు స్టీలు డబ్బాల్లో పప్పు, కూర తెచ్చి పెట్టారు. కానీ ఆఫీసులో అతని పేరు ఎవరూ ఎత్తరు. అతను రాసినదాన్ని "పాత కోడ్" అంటారు. పాత కోడ్‌లో ఏదో తేడా ఉందట. పాత కోడ్ ముట్టుకుంటే ఇంకోటి పోతుందట. అతని బల్ల మీద ఇప్పుడు ప్రింటర్ ఉంది. ఆ ప్రింటర్ దగ్గరికి వెళ్ళాల్సివచ్చినప్పుడు ఆమె ముందుంటే గొంతులు తగ్గిస్తారు. ఆ గొంతులు తగ్గించడమే ఆమెకు విసుగు. పేరు ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే ఏం పోతుంది?

ఇంటి ముందు అతని బూడిదరంగు కారు అలాగే ఉంది. అతనున్నప్పుడు ఇద్దరూ అందులోనే వచ్చేవాళ్ళు. ఆమెకు నడపడం రాదు. ఇప్పుడు లూకన్ నుంచి బస్సు, బస్సు దిగి లూవాస్ ట్రాము, పొద్దుటి ప్రాణం అందులోనే పోతుంది. పక్కింటి ఐరిష్ పెద్దాయన కనబడినప్పుడల్లా వారానికొకసారైనా ఇంజను తిప్పమని, లేకపోతే బ్యాటరీ పోతుందని చెబుతాడు. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోతుంది.

నిరుడు చలి మొదలయ్యే రోజుల్లో, వంటింట్లో ఆమె చారుకు పోపు పెడుతుంటే అతను ల్యాప్‌టాప్ తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"చాముండీ, వీటిని గబుక్కున ముంచెయ్యనా, నెమ్మదిగానా?"

"నెమ్మదిగా."

"నెమ్మదిగా అంటే కంప్యూటరుకి తెలీదోయ్. అంకె చెప్పు."

"క్లాసులో ప్రశ్న వేసి జవాబు కోసం ఆగుతాం చూడండి. అంతసేపు."

"అదెంతసేపు?"

ఆమె గరిటె పట్టుకుని ఫ్రిజ్ వైపు తిరిగింది. "వీళ్ళు ఇంత సామాను ఎందుకు ముంచేశారు? చెప్పండి," అని ఫ్రిజ్‌ని అడిగి ఆగింది. అతను గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"ఇంతసేపా? పిల్లలు గోల చెయ్యరూ?"

"ముందు గోల చేస్తారు. తరవాత ఊరుకుంటారు. ఆ తరవాత ఒకళ్ళెవరో నోరు విప్పుతారు. ఆ ఒక్కళ్ళ కోసమే ఆగడం."

ఆ రోజు పోపు మాడింది. అతను ఒక్కో లారీని విడివిడిగా రాశాడు. జీపు మునిగేది ఒకలా, బరువున్న బుల్డోజరు మునిగేది ఇంకోలా. మిగతావాటిని తోసిన బుల్డోజరు ఆఖర్న తనే నీళ్ళలోకి వెళుతుంది. మధ్యలో పిల్లలు నొక్కడానికి బటన్ ఏదీ పెట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం లోకేశ్ ఆమెను, నవదీప్‌ను గదిలోకి పిలిచాడు. గోడ మీద ఒక గ్రాఫ్ వేశాడు. లూకన్‌లో ఒక బడికి ఈ పాఠాన్ని ముందుగా పరీక్షకు ఇచ్చారు. పిల్లలు తెరను ఎప్పుడెప్పుడు తాకారో ఆ గీత చెబుతుంది. ఎగుడుదిగుడుగా పోయిన గీత ఒకచోట పడిపోయి నేలకు ఆనుకుంది.

"ఇక్కడ చూడండి మేడమ్. లారీల దగ్గర అందరూ వదిలేస్తున్నారు. ఒక్కళ్ళూ టచ్ చెయ్యట్లేదు."

"నేను చెప్పిన హ్యాంగే అన్నా," అన్నాడు నవదీప్.

"శుక్రవారం బళ్ళన్నిటికీ ఇచ్చేస్తున్నాం. నెక్స్ట్ బటన్ పెట్టేద్దామండీ. లారీలన్నీ ఒకేసారి మాయమైపోతాయి. టక్కున ఊరు కట్టుకోవచ్చు. లేదంటే ఇంకో ఐడియా ఉంది. పిల్లలకి ఇష్టమైతే సామాను సేవ్ చేసుకోవచ్చు."

"ఎవరు సేవ్ చేసుకున్నారు, లోకేశ్?"

"అప్పుడు ఎవరూ చేసుకోలేదనుకోండి. గేమ్‌లో."

"అలాంటప్పుడు అది ఏ ఊరి పాఠం?"

"అది కాదు మేడమ్. పిల్లలు హ్యాపీగా ఫీలవుతారు కదా. అంత కష్టపడి నడిపిన లారీలు నీళ్ళపాలైతే ఏం బావుంటుంది?"

"బాగుండదు. అందుకే అడుగుతారు."

లోకేశ్ గ్రాఫ్ వైపు చూపించాడు. "ఎక్కడండీ అడుగుతున్నారు? జీరో."

చాముండేశ్వరి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. గట్టిగా మాట్లాడాలనిపించినప్పుడు ఆమె ఆ పని చేస్తుంది. ఒక్క బటన్ పెడితే ఆ ఆగడం పోతుంది. అది పోతే ఈ పాఠంలో తాము ఇద్దరూ కలిసి చేసినది ఏమీ మిగలదు. ఆ మాట ఈ గదిలో అంటే వీళ్ళు వెంటనే ఒప్పేసుకుంటారని ఆమెకు తెలుసు. జాలితో ఒప్పుకుంటారు. అది ఆమెకు వద్దు.

"ఆ పిల్లల్ని ఎవరైనా వెళ్ళి చూశారా?"

"డేటా ఉంది కదండీ."

"డేటా కాదు. పిల్లల్ని."

ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. బడికి ఎవరూ వెళ్ళలేదు. ఇంత మంది చదువుకున్నవాళ్ళు, ఒక క్లాసు పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి గోడ మీద గీత చూస్తున్నారు.

"రేపు నేను వెళతాను. నవదీప్ కూడా వస్తాడు. వచ్చాక బటన్ సంగతి మాట్లాడదాం."

"నేనెందుకు మేడమ్?"

"నీ కండ్లతోని చూద్దువుగాని."

బుధవారం నవదీప్ ఆమె ఇంటికే వచ్చాడు. అతనుండే అద్దె ఇల్లు కూడా లూకన్‌లోనే. ఆమె తలుపు తాళం వేస్తుంటే అతను కారు పక్కన నిలబడ్డాడు. ముందద్దం మీద ఆకులు అంటుకుని ఎండిపోయాయి. కిటికీ రబ్బరు వెంట సన్నగా పచ్చటి నాచు పట్టింది. అతను ఏదో అనబోయి, వంగి షూ లేసులు కట్టుకున్నాడు. ఇద్దరూ బడికి నడిచి వెళ్ళారు.

నాలుగో తరగతి. టీచర్ గ్రాన్యా, పాతికేళ్ళ పిల్ల, వీళ్ళను వెనక బెంచీలో కూర్చోబెట్టింది. పిల్లలు టాబ్లెట్లు తెరిచి యుద్ధంలో పడ్డారు. గది అంతా ఓడల కూతలు. నవదీప్ ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని గీత చూస్తున్నాడు. గీత ఎగిరెగిరి పడుతోంది.

యుద్ధం అయిపోయింది. మొదటి జీపు నీళ్ళలోకి దిగింది. కూతలు తగ్గాయి. గీత నేలకు దిగిపోయింది.

"చూసిన్రా?" అని గుసగుసగా అన్నాడు నవదీప్. "జీరో."

"తలెత్తు," అంది చాముండేశ్వరి.

అతను తలెత్తాడు. పిల్లల చేతులు టాబ్లెట్ల మీద లేవు. అందరూ పక్కవాళ్ళ వైపు తిరిగారు.

"ఇవి కొత్తవి కదా, నిజంగానే పారేస్తున్నారా?"

"నాది చూడు, నా పెద్ద లారీ కూడా పోయింది."

"మిస్, ఇదేం పిచ్చి? ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు కదా."

"ఊరికే ఇస్తే ఇంకెప్పుడూ ఎవరూ కొనరు. మా డాడీ అలాగే అంటాడు."

"మీ డాడీ ఒక దొంగ."

"మేం ఇల్లు మారినప్పుడు మా అమ్మ పాత సోఫాని కూడా పారెయ్యనివ్వలేదు," అంది రెండో వరసలో ఉజ్వల అనే అమ్మాయి. పేరు తెలుగు, మాట అచ్చం లూకన్ ఇంగ్లీషు. "దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు దొరికేదాకా మా నాన్న దాంతోపాటు బయట కూర్చున్నాడు."

క్లాసంతా నవ్వింది. ఒకబ్బాయి మాత్రం బోర్ అని బల్ల మీద తల పెట్టి పడుకున్నాడు. నవ్వులు తగ్గాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తెరల మీద సముద్రం ఒక్కటే ఉంది. అప్పుడు చివర కూర్చున్న పిల్ల ఒకతె అడిగింది.

"అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళు ఉంటారు కదా. కావాలా అని వాళ్ళని ఎవరైనా అడిగారా?"

ఆ ప్రశ్న చాముండేశ్వరి రాసిన పాఠంలో లేదు. అడిగిన పిల్ల వైపు ఆమె చాలాసేపు చూసింది.

నవదీప్ ల్యాప్‌టాప్ మూసేశాడు. అంతలో కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి చెయ్యెత్తాడు. "మిస్, నాది మళ్ళీ ఆగిపోయింది."

నవదీప్ లేచి వెళ్ళి చూసి, ఆమెను పిలిచాడు. అది బాగా పాత టాబ్లెట్. అందులో బుల్డోజరు సగం నీళ్ళలో, సగం గట్టు మీద ఇరుక్కుని ఉంది. సముద్రం కదలడం లేదు. మిగతా పిల్లలు సంత కట్టుకునే చోటికి వెళ్ళిపోయినా ఆ బుల్డోజరు మునగలేదు.

"గిదీ మేడమ్. నేను మొత్తుకునేది గిదే."

గ్రాన్యా వచ్చి ఆ టాబ్లెట్ చూసి నవ్వింది. పాఠం గ్రాండ్‌గా ఉందని, పాత టాబ్లెట్లు మాత్రం రోజూ ఇలాగే చేస్తాయని చెప్పింది.

ఇద్దరూ నడిచే తిరుగుముఖం పట్టారు.

"పాత టాబ్లెట్‌లో అని ఒక్క ముక్క రాసుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా," అంది చాముండేశ్వరి.

"రాసిన మేడమ్. కింద రాసిన. మీరు కిందిదాక రాలే."

ఆమె నడక ఆగింది. పిల్లల జవాబు కాగితాలు ఆఖరి గీత దాకా చదివే మనిషి తను. ఈ కుర్రాడి నాలుగు వాక్యాలు మూడుసార్లు పైనుంచే మూసేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఒక క్షణం తోచలేదు.

"సరే. ఎందుకు ఆగిపోతోంది?"

"పాత కోడ్ల ఏమైందంటే..."

"పాత కోడ్ అనకు నవదీప్. అది రాసిన మనిషికి పేరుంది."

అతను కాసేపు కిందికి చూస్తూ నడిచాడు. "రామ్మోహన్ సార్ ఒక్కో లారీని అలగ్ అలగ్ రాసిండు మేడమ్. మస్తు మంచిగ రాసిండు. కానీ చిన్న టాబ్లెట్ అంత బరువు మొయ్యలేదు."

"అయితే తీసెయ్యాలా?"

"తీసెయ్యాలె."

గురువారం పొద్దున ఆఫీసులో కూర్చుని ఆమె అతను రాసినదాన్ని మొదటినుంచి చూసింది. జీపులు, లారీలు, ఆఖర్న బుల్డోజరు. లారీలకు ముందు దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నీళ్ళలోకి వెళ్ళాక కూడా కాస్త దూరం కనబడతాయి. ఆ దీపాలు పెట్టమని ఆమె చెప్పలేదు. ఎందుకు పెట్టారని అడగనూ లేదు.

చూడడం అయ్యాక లేచి లోకేశ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. నవదీప్ అప్పటికే అక్కడ ఉన్నాడు.

"రామ్మోహన్ రాసింది తీసెయ్యండి. పాత టాబ్లెట్లలో కూడా ఆడేటట్టు కొత్తగా రాయండి. కానీ బటన్ పెట్టొద్దు. ఆగే సమయం అలాగే ఉండాలి."

లోకేశ్ ఆ పేరు వినగానే ప్రింటర్ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "రాయడం పెద్ద పని కాదు మేడమ్. మరి ఆ గ్రాఫ్? పైవాళ్ళకి ఏం చెప్పను?"

"అన్నా, నువ్వు ఆ క్లాసుల ఉండాల్సింది," అన్నాడు నవదీప్. "పోరగాళ్ళు కొట్టుకునుడు ఒక్కటే తక్కువ. టాబ్లెట్ ఎవడు ముడ్తడు? నోటితోని మాట్లాడుతున్రు."

"డేటాలో అలా లేదురా."

"డేటాల మాటలు వినరావన్నా. అదే రాయి పైవాళ్ళకు."

లోకేశ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "రెండు రోజుల కింద హ్యాంగ్ అన్నది నువ్వే."

"హ్యాంగ్ కూడ నిజమే. అది వేరే, ఇది వేరే."

"సరే, మీరిద్దరూ ఒకటైపోయాక నేనేం చేస్తాను. ఎంతసేపు పెట్టమంటారో చెప్పండి మేడమ్. పాత... సార్ రాసినదాంట్లో లారీకో లెక్క ఉంది. టాబ్లెట్‌ని బట్టి మారిపోతోంది. ఒక్క అంకె తేలట్లేదు."

అదే ప్రశ్న. అంకె చెప్పు. చాముండేశ్వరి బల్ల మీది ఫోన్ వైపు చూపించింది.

"నేను ఒక ప్రశ్న అడుగుతాను. గడియారం చూస్తూ ఉండు. ఎవరైనా నోరు విప్పినప్పుడు ఆపు."

లోకేశ్ ఫోన్ తీశాడు. ఆమె నిటారుగా నిలబడి, క్లాసులో నిలబడినట్టే, ఇద్దరి వైపూ చూసింది.

"మనిషి వెళ్ళిపోయాడు. సామాను మిగిలింది. ఏం చెయ్యాలి?"

లుగన్‌విల్ గురించే అడగాలనుకుంది. నోటివెంట వచ్చింది మాత్రం అది. వెనక్కి తీసుకోలేదు. లోకేశ్ తన బల్ల వైపు చూశాడు. పక్కవాళ్ళు కీబోర్డులు కొట్టడం ఆపారు. ఎవరో కుర్చీ సర్దుకున్నారు. కిటికీ అవతల లూవాస్ ఒకటి గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఆగింది. తొందరపెట్టలేదు, సాయం చెయ్యలేదు.

"మేడమ్," అన్నాడు నవదీప్. గొంతు తగ్గించలేదు. "సార్ కారు ఎందుకు అట్లనే పెట్టిన్రు? ఎవరికీ ఇయ్యలే, అమ్మలే."

ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా ఈ ఆఫీసులో రామ్మోహన్ గురించి ఆమెను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఆపు లోకేశ్," అంది చాముండేశ్వరి. "ఇంతసేపు. ఇంతసేపు పెట్టు."

లోకేశ్ ఫోన్ చూసుకుని, కాగితం మీద ఒక అంకె వేసుకున్నాడు. ఆమె నవదీప్ వైపు తిరిగింది. ఆమె జవాబు ఇస్తుందని అతను అనుకున్నట్టు లేదు. రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"నడపడం నేర్చుకుందామని," అందామె. అనేదాకా ఆ సంగతి ఆమెకూ తెలియదు.

"నేర్పిస్త మేడమ్. ఆదివారం వస్త. కానీ దాని బ్యాటరీ ఎప్పుడో పోయుంటది. టైర్లల్ల గాలి గూడ లేదు. ముందటి ఎడమ దిక్కుది నేను నిన్ననే చూసిన. ఇంకా..."

"నవదీప్," అంది ఆమె కళ్ళద్దాలు తీస్తూ. "అన్నీ ఒక కాగితం మీద రాసుకురా. ఈసారి కిందిదాకా చదువుతాను."